మోత ఒకటి, అదురు ఒకటి

మాణికేశ్వర్ నగర్‌లో రాములవ్వ పిండి గిర్నికి వెళ్లినవాళ్లు ఆ మోతలో నోటితో మాట్లాడరు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపితే పిండి మెత్తగా కావాలని. వేళ్లు విదిలిస్తే రవ్వలా బరకగా కావాలని. అరచేతులతో రొట్టె తట్టినట్టు చేస్తే సంచిలో జొన్నలున్నాయని. తార్నాకలోని మా ఇంటి నుంచి పద్దెనిమిదేళ్లుగా గోధుమలూ జొన్నలూ మోసుకెళ్తున్నాను కాబట్టి ఆ సైగలన్నీ నాకూ వచ్చు. వాటి వెనక ఉన్న మనిషి గురించి తెలిసింది మాత్రం ఈ రెండేళ్లలోనే. కొంత ఆమె చెప్పింది. కొంత యూనివర్సిటీలో పరిశోధన చేసే అమల చెప్పింది. చివరి సంగతి నేనే చూశాను.

రాములవ్వది ఆలేరు దగ్గర ఒక పల్లె. పెళ్లయి పట్నం వచ్చేనాటికి భర్త ఉప్పలయ్య యూనివర్సిటీ క్యాంపస్‌లో తోటపనిలో చేరి ఏడాది. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. వీధి మలుపులోని పిండి గిర్నిలో జల్లెడ పట్టే పనికి కుదిరింది. అప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు, ఇప్పుడు యాభై ఏడు. మధ్యలో ఎప్పుడో, గిర్ని పెట్టిన ముసలాయన మోకాళ్లు పనిచేయక ముషీరాబాద్‌లో ఉన్న కూతురింటికి వెళ్లిపోతూ, "దీని గుణం నీకే ఎరుక, నువ్వే నడుపుకో" అని యంత్రాన్ని ఆమెకు వదిలేశాడు. ఆయన మాట నిజమే. అరిగిన రాళ్లను విప్పి, గోనెసంచి పరుచుకుని కూర్చుని, ఉలితో మళ్లీ గాట్లు పెట్టడం ఆ బస్తీలో ఆమె ఒక్కతికే వచ్చు. రాయి అరిగిన సంగతి తెలియడానికి ఆమె పిండిని చూడక్కర్లేదు. గిర్ని గడప మీద కాలు పెడితే చాలంటుంది.

సాయంత్రం మోటారు ఆపి ఇంటికి వచ్చాక కూడా ఆమె అరికాళ్లలో ఏదో నడుస్తూనే ఉండేది. అన్నం కలుపుతుంటే వేళ్ల చివర్లు చిమచిమలాడేవి. చెవుల్లో సన్నగా ఒక కూత. ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అందరికీ అంతేనని అనుకునేది. మనిషి ఒళ్లన్నాక లోపల ఒక మోటారు నడుస్తూనే ఉంటుందని ముప్పై మూడేళ్లు ఆమె నమ్మింది.

రెండేళ్ల కింద వానాకాలంలో ఒక సాయంత్రం ఉప్పలయ్య కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు.

"ఇంజినీరింగ్ కాలేజీ కాడ కంచె కత్తిరిస్తుంటే ఒక పిల్ల వచ్చి అడిగింది. మోతల పనిజేసేటోళ్లు ఎవరన్న ఎరికేనా అన్నది. నేను నీ పేరు చెప్పిన."

"ఎందుకట?"

"కుర్చిల కూసోవెడ్తరట. కూసోవెట్టి ఎట్లున్నదని అడుగుతరట."

"గంతేనా?"

"గంతేనట."

"గదేం చదువయ్యా" అంది రాములవ్వ. అయినా వచ్చే అమావాస్య నాడు వెళ్లింది. నెలలో గిర్ని మూసి ఉంచే రోజు అదొక్కటే.

ఆ పిల్లే అమల. సూర్యాపేట వైపు అమ్మాయి, హాస్టల్లో ఉంటూ పీహెచ్‌డీ మూడో ఏడు చదువుతోంది. తండ్రి వరికోత మిషన్ నడిపేవాడు. కోతల రోజుల్లో ఇంటికి వచ్చాక ఆయన చేతిలో చాయ్ గ్లాసు వణుకుతూ ఉండటం ఆమె చిన్నప్పటి నుంచి చూసింది. మోతా అదురూ రెండూ ఒకేసారి మనిషి మీద పడితే ఆ మనిషికి ఎలా తెలుస్తుంది, ఒకదాన్ని ఇంకొకటి పెంచుతుందా, కప్పేస్తుందా అన్నది ఆమె పరిశోధన. మోతల్లోనే బతికేవాళ్ల మీద చేయాలని ఆమె పట్టు.

మొదట రాములవ్వను ఒక చిన్న గాజుగదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినబడితే చెయ్యెత్తమన్నారు. లావు చప్పుళ్లకు చెయ్యి లేచింది. సన్నవి మొదలయ్యాక చాలాసేపు లేవలేదు. ఆమె మాత్రం ఇంకా ఏం వినిపిస్తారో అని చెయ్యి సిద్ధంగా పెట్టుకుని, అద్దం అవతల ఉన్న అమల మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఒకసారి దవాఖానాకు వెళ్లి చెవులు చూపించుకోమని అమల ఆరోజే చెప్పింది. రాములవ్వ తలూపి ఊరుకుంది.

తర్వాత పెద్ద గది. మధ్యలో ఇనుప పలక, దాని మీద బిగించిన కుర్చీ, పలక కింద పీపాలాంటి యంత్రం. పక్కన ఎర్ర బటన్. భయమేస్తే నొక్కమన్నారు. గిర్నిలాంటి మోత చెవుల్లోకి వచ్చింది, దాంతోపాటే కుర్చీ అదిరింది. నిమిషం తర్వాత రెండూ ఆగాయి.

"అవ్వా, రెండిట్ల ఏది తగ్గిస్తే మీకు బాగుంటది? మోతనా, అదురా?" అని అడిగింది అమల.

రాములవ్వకు ప్రశ్న అర్థం కాలేదు.

"రెండేడున్నయ్ బిడ్డా? ఒక్కటే గదా వచ్చింది."

"ఒకటి చెవులకు వినబడ్డది. ఇంకొకటి కుర్చిలకెళ్లి వచ్చింది."

"గదే నేననేది. మిషన్ నడిచింది. మిషన్ నడిస్తె గట్లనే ఉంటది."

అమల తన పుస్తకం తిరగేసింది. రాములవ్వ కంటే ముందు వచ్చిన ఏడుగురిలో అయిదుగురి దగ్గర ఆ గడి ఖాళీగా ఉంది. తన ప్రశ్న వాళ్లకు సరిగ్గా అర్థం కాలేదనుకుని అలా వదిలేసింది. ఇప్పుడు ఆమెకు వేరే అనుమానం వచ్చింది. గైడుగా ఉన్న కమలాకర్ సారును అడిగి, ఆరోజుకు తన పరీక్షల వరస పక్కన పెట్టింది. పలక మీద, రాములవ్వ కాళ్ల దగ్గర, నిండా నీళ్లు పోసిన గాజుగ్లాసు ఒకటి పెట్టింది.

"ఇప్పుడు నీళ్లను చూస్కుంట కూర్చోండ్రి."

మోత మొదలైంది. రాములవ్వ చేతులు వాటంతట అవే కుర్చీ పట్టెలను బిగించి పట్టుకున్నాయి. పిక్కలు బిగుసుకున్నాయి.

"అదురు జర మెల్లగ ఇయ్యి బిడ్డా" అంది గట్టిగా.

అమల దగ్గరికి వచ్చి వేలితో గ్లాసు చూపించింది. నీళ్లు కదలడం లేదు. అద్దంలా ఉన్నాయి. రాములవ్వ వంగి చూసింది. చెయ్యి చాచి ఇనుప పలకను తాకింది. పలక చల్లగా, కదలకుండా ఉంది. చెవుల్లో గిర్ని నడుస్తోంది. తొడల్లో, వెన్నులో గిర్ని నడుస్తోంది. గ్లాసులో నడవడం లేదు. ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది. ఒంట్లో అదురు టక్కున ఆగిపోయింది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ వచ్చింది. అలా నాలుగైదుసార్లు తీసి పెట్టుకుని చూసుకుందని అమల చెప్పింది.

"మరి గీ అదురు ఏడికెళ్లి వస్తున్నది?"

"కుర్చిలకెళ్లి అయితే రాలే అవ్వా. మీ లోపల్నే పుడుతున్నది."

తర్వాత ఇదంతా నాతో చెప్పేటప్పుడు రాములవ్వ ఆ చోటుకు వచ్చేసరికి ఆగి, తన చేతుల వంక చూసుకుంది. ఎవరో తన ఇంట్లోకి తీసుకెళ్లి తనకు తెలియని గది తలుపు తెరిచినట్టు అనిపించిందట.

ఆ తర్వాత అమల మోత లేకుండా ఒక్క అదురే పంపింది. చెవుల మీద మందపాటి కప్పులు బిగించింది. గ్లాసులో నీళ్లు చిన్న చిన్న చక్రాలుగా కదలడం మొదలైంది. రాములవ్వకు మొదట భయం వేసింది. చప్పుడు లేకుండా ఏదన్నా కదలడం ఆమె ఎరగదు. మెల్లగా భయం పోయింది. చెవులు మూసుకుపోయేసరికి ఒళ్లంతా తెరుచుకున్నట్టయింది. అదురు మడమల్లోంచి ఎక్కుతోంది. మోకాళ్ల దగ్గర కాస్త తగ్గుతోంది. తొడల్లో పరుచుకుంటోంది. అమల యంత్రం వేగం మార్చినప్పుడల్లా అది చోటు మారుస్తోంది. నిదానంగా ఊగితే కడుపులోకి వస్తుంది. కొంచెం వేగం పెంచితే ఛాతీలోకి. ఇంకా పెంచితే దవడల్లోకి, కళ్లల్లోకి. ఎదురుగా గోడ మీద ఉన్న అక్షరాలు చెదిరిపోయాయి. అడగకుండానే రాములవ్వ ఎక్కడ తెలిస్తే అక్కడ చెయ్యి పెట్టి చూపిస్తూ పోయింది. ఇక్కడ. ఇప్పుడు ఇక్కడ. అమల రాసుకుంటూ పోయింది. ఏ వేగం శరీరంలో ఎక్కడ తెలుస్తుందో పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు తెరవని మనిషి వేలు సరిగ్గా అక్కడక్కడే ఆగుతుంటే అమల రాయడం ఆపి చూస్తూ ఉండిపోయిందట.

నిదానపు అదురు రెండోసారి వచ్చినప్పుడు రాములవ్వ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఇక తీయలేదు. అమల యంత్రం ఆపింది.

"ఏమైందవ్వా, నొప్పి ఉన్నదా?"

"నొప్పి లేదు బిడ్డా. నీకొక మాట చెప్త, సమజ్ అయితదో కాదో."

కూతురు నవత కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా ఆమె గిర్నిలో పనిచేసింది. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా బిడ్డ కదిలేది కాదు. మోటారు ఆగిన కాసేపటికి మొదలుపెట్టేది. పగలంతా, బిడ్డ ఉన్నదో లేదో అన్న భయంతోనే సంచులు ఎత్తేది, జల్లెడ పట్టేది. నర్సు అడిగితే, "పొద్దుమీకి ఆడుతది, పగలు పండుకుంటది" అనేది. నవత పెద్దయ్యాక కూడా, "కడుపుల ఉన్నప్పుడే సోమరిదానివి" అని ఇంట్లో అందరూ ఆటపట్టించేవాళ్లు.

"అది పగలు గూడ ఆడుకున్నదేమో బిడ్డా. గీ పెద్ద అదురు కింద నాకు తెల్వలేదేమో."

అమల హాస్టల్‌కు వెళ్లి ఆలోచించి మరుసటి వారం జవాబు చెప్పింది. పెద్ద అదురు కింద చిన్న అదురు దాగిపోవడం నిజమే, అది తన కొలతల్లో రోజూ కనిపిస్తుంది. కాని ఆ బిడ్డ నిజంగా కదిలిందో, ఊగుతుంటే హాయిగా పడుకుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. "కాదని మాత్రం నేననను అవ్వా" అంది.

రాములవ్వ మాత్రం వారం దాకా ఆగలేదు. ఆరోజే కాలేజీ మెట్ల మీద కూర్చుని, హబ్సిగూడ స్కూల్లో టీచర్‌గా చేస్తున్న నవతకు ఫోన్ చేసింది.

"నువ్వు పగలు గూడ ఆడుకున్నవ్ బిడ్డా. నాకే ఎరుకలే."

"ఎప్పుడు? ఏడ?" అంది నవత. కాసేపు విని, "అమ్మా, జ్వరమేమన్న వచ్చిందా నీకు? నాయిన ఉన్నడా పక్కన?" అంది.

అప్పటి నుంచి రాములవ్వ ప్రతి అమావాస్యకూ కాలేజీకి వెళ్లింది. అవసరమైతే మామూలు రోజుల్లో కూడా రెండు గంటలు గిర్ని మూసి వెళ్లింది. మేము సంచులతో వచ్చి, మూసిన తలుపు చూసి వెనక్కి తిరిగిన రోజులున్నాయి. గిర్ని దగ్గర కూడా ఆమె కొత్తగా కనిపించేది. యంత్రం నడుస్తుంటే చెవుల్లో వేళ్లు పెట్టుకుని కళ్లు మూసుకుని నిలబడేది. వేళ్లు తీసి, స్టూలెక్కి, కాళ్లు నేలకు ఆనకుండా కూర్చునేది. కూర్చుని వినేది. రెండింటినీ విడదీసి చూసుకుంటోందని నాకప్పుడు తెలియదు. పిండి కోసం వరసలో నిలబడ్డవాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అమల కాగితం మీద జవాబులకు అయిదు గడులుండేవి. 'అసౌకర్యం లేదు' దగ్గర మొదలై 'మితమైన అసౌకర్యం' మీదుగా 'అత్యంత అసౌకర్యం' దాకా. మూడోసారి వెళ్లినప్పుడు రాములవ్వ ఆ మాటలు చదివించుకుని విన్నది.

"గీ మాట మా బస్తీల ఎవ్వలు అనరు బిడ్డా. నువ్వు అడిగినవని ఏదో ఒకటి అంటరు."

"మరి మీరేమంటరు?"

"ఏమంటం? పక్క మనిషితోని ముచ్చట పెట్టొచ్చు, గది మొదలు. ముచ్చట బంద్ జేసి పనిజేస్తం, గది రెండోది. పనిజేస్తం గని ఇంట్లోళ్ల మీద గుస్స వస్తది, గది మూడు. ఆ తర్వాత లేచిపోవుడే."

కమలాకర్ సారు మొదట ఒప్పుకోలేదు. మనిషికి ఎలా అనిపించిందో అడుగుతున్నాం గాని ఏం చేస్తాడో కాదు కదా అన్నాడు. అమల పట్టుబట్టి పదిమందితో ఆ మాటల మీద ప్రయత్నించింది. ఈసారి ఏ గడీ ఖాళీగా మిగల్లేదు. ఇంట్లోళ్ల మీద గుస్స అన్న గడి దగ్గరకు వచ్చేసరికి ఆడవాళ్లు నవ్వి, ఆలోచించకుండా వేలు పెట్టారట. సారు ఆ కాగితాలను రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని, "ఇట్లనే కానియ్యమ్మా" అన్నాడు.

మనుషులను కూడా రాములవ్వే తెచ్చింది. కాంక్రీటు మిక్సర్ నడిపే మల్లన్న, కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేసే ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒక బస్సు డ్రైవరు, రోడ్డు తవ్వే మిషన్ పట్టుకునే ఒక పెద్దమనిషి. కుర్చీలో కూర్చోబెట్టే ముందు అమల వాళ్లకు మొదట మోత ఒక్కటే, తర్వాత అదురు ఒక్కటే చూపించేది. గ్లాసులో నీళ్లు చూపించే పని రాములవ్వది. నీళ్లు కదలకుండా ఉన్నా ఒళ్లు అదురుతున్న క్షణంలో వాళ్ల మొహాలు చూడటం ఆమెకు ఎంత ఇష్టమో. మల్లన్న కుర్చీలోంచి లేచి, పలక కింద ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూశాడట.

ఏది తగ్గించాలన్న ప్రశ్నకు ఎక్కువమంది మోతను తగ్గించమన్నారు. రాములవ్వ అదురును తగ్గించమంది. ఎందుకని అడిగితే, "చెవులల్ల దూది పెట్టుకుంట. ఒళ్లంత ఏడ పెట్టుకోను దూది?" అంది. అమల ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది.

అన్నిటికంటే కష్టమైన పరీక్ష చలికాలంలో జరిగింది. కుర్చీ ఒకే తీరుగా అదురుతుంది. చేతిలో ఒక తిప్పుడు గుండీ ఉంటుంది. దాన్ని తిప్పితే చెవుల్లో మోత పెరుగుతుంది, తగ్గుతుంది. కుర్చీ అదురు ఎంత పెద్దదో, మోత కూడా అంతే పెద్దదిగా అనిపించే చోట ఆపాలి.

"గివి రెండు ఎట్ల సమానమైతయ్ బిడ్డా? చింతపండును పసుపుతోని తూచుమన్నట్టున్నది."

"నాకు గూడ తెల్వదు అవ్వా. తిప్పుండ్రి. మీకే తెలుస్తది అంటరు."

రాములవ్వ కళ్లు మూసుకుని తిప్పింది. కాస్త ఎక్కువైంది, వెనక్కి తిప్పింది. ఒక చోట చెయ్యి దానంతట అదే ఆగింది. అదురు పెంచి మళ్లీ ఇచ్చారు. మళ్లీ తిప్పింది. అలా ఇరవైసార్లు. గుండీ మీద అంకెలు లేవు. మూడు వారాల తర్వాత మళ్లీ పిలిచి, అదే అదురులు వేరే వరసలో ఇచ్చారు. ఆమె గుండీని తిప్పి ఆపిన చోట్లు, మూడు వారాల కింద ఆపిన చోట్లు, ఇంచుమించు ఒకటే. ఆమె నమ్మలేదు. పొద్దున సంచి ఎవరిదో మధ్యాహ్నానికి మరిచిపోయే తనకు, మూడు వారాల కిందటి అదురు ఎంతో ఎలా గుర్తుంటుంది?

ఫిబ్రవరిలో అమల అందరి లెక్కలూ కంప్యూటర్లో పెట్టి, రాములవ్వను పిలిచి చూపించింది. నల్లని తెర మీద తెల్లని చుక్కలు. ఒక్కో మనిషి గుండీ ఆపిన చోట్లన్నీ ఒక్కో చుక్కల వరస.

"ఇటు పక్కకు పోతే అదురు పెరిగినట్టు. పైకి పోతే మోత పెరిగినట్టు. ఇది మల్లన్న. ఇది డ్రైవరన్న. ఇవి రెండు అక్కచెల్లెండ్లయి."

నలభై ఒక్క మంది. అదురు ఎక్కువయ్యే కొద్దీ చుక్కలన్నీ కలిసి పైకి ఎక్కుతున్నాయి. ఒకరిని ఒకరు చూడకుండా, వేరే వేరే రోజుల్లో వచ్చి, కళ్లు మూసుకుని గుండీ తిప్పిన మనుషుల చుక్కలు ఒక వాలు గీత చుట్టూ చీమల బారులా చేరి ఉన్నాయి. రాములవ్వ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నల్లా కాడ మా బస్తీల ఇద్దరు ఒక మాట మీద నిలవడరు. వీళ్లందరు ఎట్ల ఒక్కతాన ఆపిండ్రు? నువ్వేమన్న చెప్పినవా?"

"నేనేం చెప్పలే. ఎవ్వరి గుండీ మీద గూడ గుర్తు లేదు. మీకెరికే."

"మరి ఎవలు చెప్పిండ్రు?"

అలా ఎందుకవుతుందో పెద్దపెద్ద చదువులవాళ్లు కూడా ఇంకా తేల్చుకోలేదంది అమల. రాములవ్వ చాలాసేపు ఆ చుక్కలను చూసింది. మిక్సర్ దగ్గర బూతులు తిట్టుకుంటూ తిరిగే మల్లన్న లోపల, పలకరిస్తే తలొంచుకునే ఆ అక్కాచెల్లెళ్ల లోపల, ఒకే తక్కెడ ఉన్నదని, అది ఎవరూ పెట్టకుండానే సరిగ్గా తూగుతోందని ఆమెకు అప్పుడు అర్థమైంది. నాకు ఈ మాట చెబుతున్నప్పుడు ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, గుడిలో కూర్చున్నట్టు కూర్చుంది.

అప్పుడు ఆమె అడిగింది, "నా చుక్కలేవి?"

అమల గీతకు పైన, విడిగా ఉన్న ఒక చుక్కల వరసను చూపించింది.

"నేనెందుకు పైనున్న?"

"అదురుతోని సమానం జేయాలంటే మీరు మిగతావాళ్లకన్న ఎక్కువ మోత పెట్టుకున్నరు అవ్వా. మీకు మోత తక్కువ వినబడ్తది గనక."

రాములవ్వ తెర మీద వేలు పెట్టింది. తన చుక్కల నుంచి గీత దాకా కొలిచింది. వేలి కణుపంత దూరం.

"గింత పోయిందన్నట్టు."

"అవునవ్వా."

ఇన్నేళ్లలో తన దగ్గర నుంచి ఏం పోయిందో ఆమెకు ఎవరూ చూపించలేదు. పోతున్నప్పుడు తెలియలేదు. ఇప్పుడది వేలి కణుపంత ఖాళీగా కళ్ల ముందు కనిపిస్తోంది. ఏడుపు వచ్చిందా అని నేను అడిగాను. రాలేదంది. "కనవడని దాన్ని కండ్లకు చూపిచ్చింది ఆ పిల్ల. దండం పెట్టబుద్ధి అయ్యింది" అంది.

ఆ వారంలోనే ఉప్పలయ్యను వెంటబెట్టుకుని తార్నాకలో ఒక చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. పోయినది తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని ఆయన చెప్పాడు. అప్పటి నుంచి మోటారు వేసే ముందు చెవులకు కప్పులు బిగించుకుంటోంది. సాయంత్రాలు కుడి చెవికి చిన్న మిషన్ పెట్టుకుంటుంది. దాంతో మొదట విన్నది తన గాజుల చప్పుడట.

ఎండాకాలంలో కమలాకర్ సారు, అమల గిర్ని చూడటానికి వచ్చారు. నేల మీద, రాళ్ల పక్కన, గోడ మీద చిన్న పెట్టెలు అతికించి కొలతలు తీసుకున్నారు. యంత్రం కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేస్తే నేలలోకి, గోడలోకి అదురు పోవడం చాలా తగ్గుతుందన్నాడు సారు. మల్లన్న మరో నలుగురిని తెచ్చి యంత్రాన్ని ఎత్తి దిమ్మలు వేయించాడు. మోత మాత్రం దాదాపు ఎప్పటిలాగే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. గిర్ని నడుస్తోంది, నా గోధుమలు పిండి అవుతున్నాయి. గిర్ని గోడకు ఆనుకున్న ఇంట్లో ఉండే ముసలావిడ గోడ పట్టుకుంటూ మెల్లగా వచ్చింది. ఎనభై దాటిన మనిషి. వీధిలో అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. రాములవ్వ చేతిని పట్టి లాగింది. రాములవ్వ మోటారు ఆపి, చెవుల కప్పులు తీసింది.

"మూడొద్దులాయె. మిషన్ ఎందుకు నడుపుతలేవు బిడ్డా? పానం బాగలేదా?"

"నడుపుతున్న గద పెద్దమ్మా. ఇప్పుడే ఆపిన, నువ్వొచ్చినవని."

"సప్పుడైతే వినవడ్తున్నది. గని నడుస్తలేదు" అంది పెద్దమ్మ. తను ఏమంటోందో తనకే వింతగా తోచినట్టు ఆగింది. "ఎక్కడో దూరం మిషన్ అనుకున్న. నా మంచం కదలకపాయె."

రాములవ్వ నా వైపు తిరిగింది. ఆ మొహం నేను మరిచిపోలేను. మోటారు మళ్లీ వేసి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి యంత్రం మీద పెట్టింది. తర్వాత అదే చేతిని గోడ మీద పెట్టింది. పెద్దమ్మ ఒకటికి రెండుసార్లు యంత్రాన్నీ గోడనూ తాకి చూసుకుంది.

"మంచిగనే చేసినవ్ గని" అంది మోటారు ఆపాక, "ఇరవై ఏండ్ల సంది మంచం ఊగితేనే నాకు పగటినిద్ర. ఇప్పుడు పడ్తలేదు."

ఆ సాయంత్రమే రాములవ్వ అమలకు ఫోన్ చేసింది. మరునాడు అమల పుస్తకం పట్టుకుని వచ్చింది. తన కాగితంలో ఎక్కడా, అదురు కావాలనుకునే మనిషికి గడి లేదు. దాని గురించి తనకు తోచనే లేదంది. దిమ్మలు తీయక్కర్లేదని పెద్దమ్మే చెప్పింది. రెండు వారాలు సరిగ్గా నిద్రపట్టలేదు, తర్వాత అలవాటైంది. కాని ఆరోజు అమల ఆమె మంచం మీద కూర్చుని, అది ఎలా ఉండేదో చెప్పమని అడిగింది. పెద్దమ్మ చాలాసేపు మాట కోసం వెతుక్కుంది. రాములవ్వ తనకు తెలిసినవన్నీ అందించింది. జుమ్ముమనేదా, వణుకా, దడనా. పెద్దమ్మ దేనికీ ఒప్పుకోలేదు. చివరికి అమలను అటు తిరిగి కూర్చోమంది. ఎముకలు తేలిన అరచేతిని అమల వీపు మీద ఆనించి, పసిబిడ్డను నిద్రపుచ్చేటప్పటి కంటే వేగంగా, మరీ మెత్తగా ఆడించింది.

"గిట్ల" అంది.

అమల కలం తీయలేదు. కదలకుండా అలాగే కూర్చుంది.